షుగర్ ఉన్న అక్కల కండ్లు, పసుపు గోళీల సంగతి

(సమాఖ్య వార్షిక మహాసభలో ఆరోగ్య ఉపసంఘం తరఫున చేసిన ప్రసంగం)



బోధన్ శక్కర్‌నగర్ ఫ్యాక్టరీ 2015లో మూతపడ్డది గని, మన ఇండ్లల్ల షుగర్ మాత్రం ఆగలేదు. షుగర్ గోళీ వేసుకునే సభ్యురాలు లేని సంఘం మాకైతే కనబడలేదు.

మేము చేసిన తప్పు ముందు చెప్పుకోవాలె. ఒక సంఘం నెల మీటింగ్‌కు ఒకాయన గోళీల డబ్బాలు పట్టుకొని వచ్చిండు. పసుపు, బంతిపూల సారం అన్నడు. షుగర్‌తో చూపు పోకుండ కాపాడుతదన్నడు. నెలకు 1,200 రూపాయలు. తొమ్మిదేండ్ల నుంచి షుగర్ ఉన్న ఒక అక్క మూడు నెలల గోళీలకు 3,600 అప్పు అడిగింది. మినిట్స్ పుస్తకంలో ‘కంటి వైద్యం’ అని రాసి మేమే సంతకాలు పెట్టినం. గోళీలు వేసుకుంటున్న గదా అని ఆమె కంటి డాక్టరు దగ్గరికి పోనే లేదు. కొన్ని నెలలకు, బీడీలు చుడుతుంటే ఎడమ కంట్లో నల్లని దారాలు తేలినట్టు కనబడ్డయి. హైదరాబాద్‌లో చూపిస్తే లోపల రక్తం కారిందన్నరు. కుడి కంటికి లేజర్ చేసి నిలబెట్టిన్రు. ఎడమ కన్ను మునుపటి లెక్క కాలేదు. అప్పు మాత్రం వడ్డీతో సహా కట్టింది.

మరి పసుపుల ఏ గుణమూ లేదా? పసుపు పండించే జిల్లా మనది, ఆ మాట మేమెట్లంటం? హైదరాబాద్ తార్నాకలోని జాతీయ పోషకాహార సంస్థ వాళ్లు ఎలుకల మీద పరీక్షలు చేసిన్రు. షుగర్ తెప్పించిన ఎలుకలకు మేతలో పసుపు కలిపి పెడితే కంటి శుక్లం ఆలస్యంగా వచ్చిందని 2005లో ప్రకటించిన్రు. అదే సంస్థ 2003లో ఇంకో సంగతి చెప్పింది. గాలక్టోజ్ అనే చక్కెర పెట్టిన ఎలుకలకు పసుపులోని కర్క్యుమిన్ కొంచెం ఇస్తే మేలయింది. దానికి ఐదింతలు ఇస్తే శుక్లం ఇంకా తొందరగ ముదిరింది. ఎక్కువ వేసుకుంటే ఎక్కువ మంచిదనుకునేటోళ్లు ఇది యాదుంచుకోవాలె. పైగా అది శుక్లం, అదీ ఎలుకల్లో. మన అక్కకు చెడ్డది కంటి వెనక తెర, రెటీనా.

బతుకమ్మలో పేర్చే బంతిపూల నుంచే ల్యూటిన్ తీస్తరు. దాని మీద అమెరికాలో నాలుగు వేల మందికి పైగా చేసిన పెద్ద పరీక్ష 2013లో అచ్చయింది. అది ముసలితనంలో వచ్చే వేరే కంటి జబ్బుకు. షుగర్‌తో తెర చెడకుండ ఈ గోళీలు ఆపుతయని ఇప్పటిదాక పెద్ద పరీక్షలో రుజువు కాలేదు.

తెర మీద వెంట్రుకలంత సన్నని రక్తనాళాలు ఉంటయి. ఏండ్ల తరబడి షుగర్ ఎక్కువుంటే అవి నీరు కారుతయి, కొన్ని మూసుకపోతయి, వాటి పక్కన పుట్టిన కొత్తవి చిట్లుతయి. నొప్పి ఉండదు. మొదట్ల చూపు కూడా బాగనే ఉంటది. అందుకే మోసపోతం. షుగర్, బీపీ అదుపులో పెడితే ఈ దెబ్బ తగ్గుతదని ఇంగ్లండ్‌లో ఏండ్ల తరబడి చూసి 1998లోనే తేల్చిన్రు. పీహెచ్‌సీ గోళీ పసుపు గోళీ లెక్క మెరవదు, అంతే.

2018 నుంచి కంటి వెలుగులో మనలో చానమందికి అద్దాలు వచ్చినయి, మంచిదే. అద్దాల నంబరు చూసుడు వేరు, చుక్కలు వేసి తెర చూసుడు వేరు. షుగర్ బయటపడ్డ ఏడు నుంచే ఏడాదికోసారి తెర చూపించుకోవాలె. కూరల పసుపు, మునగాకు, గోంగూర మానకండి. డబ్బా గోళీలు వేసుకునేటోళ్లు ఆ డబ్బా డాక్టరుకు చూపించండి, వేరే మందులతో పడకపోవచ్చు.

ఉపసంఘం తీర్మానం ఇది: మీటింగుల్లో గోళీల అమ్మకం బంద్. తెర పరీక్షకు పోయే సభ్యురాలికి బస్సు కిరాయి సంఘం నిధి నుంచి, వడ్డీ లేకుండ. చుక్కలు వేసినంక కొన్ని గంటలు చూపు మసకగ ఉంటది, ఒంటరిగ రావద్దు. తోడు పోయే అక్కకు ఆ రోజు బీడీ కూలి పోతది గదా, అది కూడా సంఘమే ఇయ్యాలని రాసినం. ఎంత ఇయ్యాలన్నది ఈ సభలోనే తేల్చండి.