సగటు ముక్కు

ఎవరి పేర ఈ ఉపన్యాసం ఏటా జరుగుతోందో ఆ మాస్టారు బతికున్నంత కాలం గణాంకశాస్త్రమే చెప్పారు. అందుకని మనుషుల్ని ప్రాంతాలవారీగా మూసల్లో పోసిన పాత మానవశాస్త్రాన్ని, దాని అంకెల వైపు నుంచి చూద్దామనుకున్నాను.

ముక్కు వెడల్పును ఎత్తుతో భాగించి 100తో హెచ్చిస్తే వచ్చేది నాసికా సూచిక. 70 లోపైతే సన్నముక్కు, 85 దాటితే వెడల్పు ముక్కు, నడుమవాళ్ళు నడుమే. 1901 జనాభా లెక్కల కమిషనరుగా ఉన్న హెర్బర్ట్ రిస్లీ ఈ సూచికనూ, తల కొలతలనూ, ఒంటి రంగునూ పట్టుకుని దేశ జనాన్ని ఏడు రకాలుగా విడగొట్టాడు. కులం అంతస్తు పెరిగేకొద్దీ ముక్కు సన్నబడుతుందని కూడా తేల్చేశాడు. గంగా లోయ నుంచి సింహళం దాకా ఉన్నవాళ్ళని, మద్రాసు ప్రెసిడెన్సీ, నిజాం రాజ్యం సహా, 'ద్రావిడ' అనే ఒకే గంపలో వేశాడు. అంటే మన తాతముత్తాతలందరినీ అన్నమాట.

ఆ గంపకు నమూనాగా ఎవరిని చూపించాడో గమనించండి: వయనాడు అడవుల్లోని పనియలను, ఛోటా నాగపూర్ సంతాలులను. కోట్లమందికి ప్రతినిధులుగా ఒక చివరన నిలిచినవాళ్ళను ఎంచుకున్నాడు. కనీసం సగటు కూడా కాదు.

దక్షిణాదిలో కొలతల పని మద్రాసు మ్యూజియం సూపరింటెండెంట్ ఎడ్గార్ థర్‌స్టన్‌ది. 1909లో ఏడు సంపుటాలుగా వచ్చిన ఆయన కులాలు-తెగల గ్రంథాన్ని ఇప్పటికీ తిరగేస్తుంటాం. ఆచారాల వివరాలకు అది బంగారు గని, నేనూ తవ్వుకున్నవాణ్ణే. తనను చూసి పనియ స్త్రీలు పరుగు తీశారని ఆయనే రాశాడు. తమలో మంచివాళ్ళను ఏరి, చంపి, గడ్డి కూరి మ్యూజియంలో నిలబెడతాడని వాళ్ళ భయం. పాత ఏనుగు కేసులో పోలీసులు వెతుకుతున్న నీలగిరి ఇరుళవాడొకడు ఎత్తు కొలిచే కొయ్యను ఉరికంబం అనుకుని ససేమిరా అన్నాడు. చదివితే నవ్వొస్తుంది. కానీ దొర చేతిలోని పరికరం తమ మేలుకు రాలేదని వాళ్ళు పట్టేశారు, మన పండితులకు అది తట్టడానికి చాలా ఏళ్ళు పట్టింది.

ఆ పట్టికల్లో చాలా గుంపులకు కొలిచింది 40, 50 మందినే. ఒకే ఊళ్ళో, ఒకే కులంలో సన్నముక్కూ వెడల్పు ముక్కూ పక్కపక్కనే ఉంటాయి. సగటు తీయగానే ఆ తేడా మాయమవుతుంది. మిగిలిన ఆ ఒక్క అంకెకు జాతి అని పేరు పెట్టి, దాన్ని మళ్ళీ మనుషుల మీద అంటించారు. 1931 జనాభా లెక్కలకు బి.ఎస్. గుహ ఇంకాస్త జాగ్రత్తగా కొలిచి ఆరు రకాలన్నాడు. రకాలు మారాయి, పద్ధతి మారలేదు.

చిక్కు విప్పింది లెక్కలవాళ్ళు. పి.సి. మహలనోబిస్ రిస్లీ అంకెలనే తిరగదోడాడు. బెంగాలు బ్రాహ్మణులకు బయటి బ్రాహ్మణులకన్నా సాటి బెంగాలీ కులాలతోనే పోలిక ఎక్కువని అందులో తేలింది. ఒక్క ముక్కునో ఒక్క తలనో నమ్ముకోకుండా, పలు కొలతలనూ వాటి మధ్య సంబంధాన్నీ కలిపి రెండు గుంపుల దూరం చెప్పే సూత్రాన్ని 1936లో పూర్తి రూపంలో ఇచ్చాడు. ఆ దారిలోనే మన సి.ఆర్. రావు గారు నడిచారు. ఆంధ్ర విశ్వవిద్యాలయంలో గణితం చదివి కలకత్తా వెళ్ళిన ఆయన, 1946లో కేంబ్రిడ్జి చేరింది సూడాన్‌లోని జెబెల్ మోయా తవ్వకాల్లో దొరికిన ఎముకల కొలతలు తేల్చడానికి. 1948లో అక్కడే డాక్టరేటు. ఇవాళ ఆయన పద్ధతులు వైద్యం నుంచి వాణిజ్యం దాకా వాడుతున్నారు. వాటిలో కొన్నిటికి పురుడు పోసింది పుర్రెల కొలతలేనన్న సంగతి మాత్రం ఎవరికీ గుర్తుండదు.

ఇప్పుడు కొలత ముక్కు దగ్గర లేదు, రక్తంలో ఉంది. మనుషుల జన్యుభేదాల్లో సుమారు 85 శాతం ఏ గుంపుకాగుంపు లోపలే ఉంటాయని 1972లో రిచర్డ్ లెవొంటిన్ లెక్కగట్టాడు. హైదరాబాదు సీసీఎంబీ శాస్త్రవేత్తలు పాల్గొన్న 2009 నాటి అధ్యయనంలో, దాదాపు భారతీయులందరిలోనూ రెండు ప్రాచీన జనధారలు వేర్వేరు పాళ్ళలో కలిసి ఉన్నాయని తేలింది. ఏడు గంపల్లో సర్దడానికి వీల్లేని కలగలుపు అది. గుంపుల మధ్య కొట్టొచ్చిన తేడా తెచ్చింది ప్రాంతం కన్నా పెళ్ళిళ్ళే. తరతరాలుగా లోపలే సంబంధాలు కలుపుకొన్న మన వైశ్యుల్లో, కండరాలు సడలించే సక్సినైల్‌కోలిన్‌ను విరిచే ఎంజైము కొందరికి లోపిస్తుంది. వాళ్ళకు ఆ మందు పడితే సొంతంగా ఊపిరి తీసుకోవడానికి గంటలు పట్టవచ్చు. ఆపరేషను ముందు, ఇంట్లో ఎవరికైనా ఇలా జరిగిందా అని మత్తు డాక్టరు అడిగేది అందుకే.