పల్లి–కోకో మిఠాయి: ఇంటికి మిగిల్చే గింజ



ఎరువుల మాట, పురుగుల మాట చెప్పవలసిన మనిషి ఈ పూట మిఠాయి సంగతి ఎత్తుకున్నాడేమని మీరు అనుకోవచ్చు. అనుకోండి, తప్పులేదు. కాని నేను చెప్పబోయే మిఠాయిలో సగానికి పైగా మీ చేలో పండిన సరుకే. పుస్తకాలలో వేరుశనగ అని వ్రాస్తారు, మనము పల్లి అంటాము. ఆ పల్లీని వేయించి, ముద్దగా నూరి, బెల్లము, కోకో పొడి కలిపి పిల్లలకు చాక్లెట్టు వంటిది ఇంట్లోనే చేసుకొనే విధానము చెబుతాను. చేయడము ఒక గంట పని. దానికి ముందు గింజ ఏరే పని ఒకటున్నది. నిజానికి నేను వచ్చింది ఆ పని గురించి చెప్పడానికే.

పల్లిముద్దకు చాక్లెట్టు తొడిగిన మిఠాయి అమెరికాలో పెద్ద పేరు పొందినది. దానిని 1928లో తయారుచేసిన ఆయన పేరు హెచ్. బి. రీస్. హెర్షీ అనే చాక్లెట్టు కంపెనీ వారి పాడి క్షేత్రములో పని చూచిన మనిషి. ఇంటి నిండా పిల్లలు, పదహారుగురు. వాళ్లను సాకడానికి ఇంటి నేలమాళిగలో మిఠాయిలు చేసి అమ్మడము మొదలుపెట్టినాడు. పశువుల కొట్టములో నుంచి మిఠాయిలోకి వచ్చిన మనిషి కనుక మనకు మరీ పరాయివాడేమీ కాదు. ఇప్పుడు ఆ రకము మిఠాయిలు మన హనుమకొండ దుకాణాలలో కూడా కనబడుతున్నవి. పిల్లలు అడుగుతున్నారు, పెద్దలు కొంటున్నారు. పల్లి పండించే ఇంటివాళ్లు పల్లి మిఠాయిని కాగితము చుట్టిన ధరకు కొంటున్నారు.

సరే, ఇంట్లో చేద్దామంటే ఏ పల్లితో చేస్తారు? నేను తిరిగే ఊళ్లలో ఒక వాడుక చూస్తున్నాను. యాసంగి పల్లి పీకి, ఆరబెట్టి, కాయ కొట్టిన తరువాత నిగనిగలాడే కాయ గోనెలకెక్కి ఏనుమాముల మార్కెట్టుకు పోతుంది. కొంత విత్తనానికి దాస్తారు. మిగిలిన తాలు కాయ, పగిలిన కాయ, పురుగు తొలిచిన కాయ, మట్టిలో నానిన కాయ, ఇవన్నీ ఒక మూలకు చేరుతవి. ఇంట్లో చట్నీకి, పల్లిపట్టీలకు, గానుగ నూనెకు ఆ మూలలోని కాయే. పట్నమువాడికి మంచి గింజ, మన పిల్లకు పుచ్చు గింజ.

ఒక ఊళ్లో ఒక అవ్వ చాటలో గింజలు పోసుకొని కూర్చున్నది. నల్లబడినవి, ముడుచుకుపోయినవి తీసి అవతల వేయమని చెప్పినాను. "పారేస్తే పాపం తగలదా కొడుకా? ఎండల కూలిచ్చి పీకిచ్చిన కాయ. వేయిస్తే అన్నీ ఒక్కతీరే అయితయి" అన్నది. మాటలో న్యాయము లేకపోలేదు. వేయిస్తే రంగు ఒక్కతీరే అవుతుంది, బెల్లము కలిపితే చేదు అణగుతుంది, కోకో కలిపితే అసలే తెలియదు. చిక్కంతా అక్కడనే ఉన్నది. కోకో నల్లగా, కొంచెము చేదుగా ఉంటుంది. పాడైన గింజను దాచడానికి దానిని మించినది లేదు.

దాగేది ఏమిటో చెబుతాను. 1960లో ఇంగ్లండు దేశములో లక్షకు పైగా టర్కీ కోళ్లు కొద్ది నెలలలో చచ్చిపోయినవి. కారణము వెదకగా వాటి దాణాలో బ్రెజిలు నుంచి తెచ్చిన పల్లి చెక్క ఉన్నట్లు తేలినది. ఆ చెక్కలో ఆస్పర్‌జిల్లస్ ఫ్లేవస్ అనే బూజు పెరిగి ఒక విషము విడిచినది. ఆ బూజు పేరులోని అక్షరాలతోనే దానికి ఆఫ్లాటాక్సిన్ అని పేరు పెట్టినారు. అది కోళ్లతో ఆగలేదు. 1974లో రాజస్థాన్, గుజరాత్ సరిహద్దు జిల్లాలలో బూజు పట్టిన మక్కలు తిన్న గిరిజన గ్రామాలలో కామెర్లు, కడుపు ఉబ్బు వచ్చి వందమందికి పైగా మరణించినారు. మన హైదరాబాదులోని జాతీయ పోషకాహార సంస్థ వారే ఆ జబ్బును పరిశీలించి ఈ విషమే కారణమని చెప్పినారు. అట్లా ఒక్కసారిగా పడగొట్టడము అరుదు. కొంచెము కొంచెముగా ఏండ్ల తరబడి తింటే కాలేయము మీద పనిచేస్తుంది, కాలేయపు క్యాన్సరుకు దారి తీస్తుంది.

వేయిస్తే పోదా అని అందరూ అడిగే ప్రశ్న. బూజు చస్తుంది, అది విడిచిన విషము చావదు. మన మూకుడులో, మంగలములో తగిలే సెగకు కొంత తగ్గవచ్చునేమోగాని పూర్తిగా పోదు. బెల్లపు పాకము వేడికి అసలే లొంగదు. కనుక దానిని మంటతో గెలవలేము, చేతితో ఏరి తీసివేయవలసిందే.

ఇందులో ఒక మేలు కూడా ఉన్నది. ఈ విషము గోనెలోని అన్ని గింజలకు సమముగా అంటదు. ఎక్కువ భాగము కొద్ది గింజలలోనే కుప్పపడి ఉంటుంది. మిఠాయి మొదలైన పనులకు పోయే పల్లి గింజలకు మన దేశపు ఆహార ప్రమాణాలలో కిలోకు 15 మైక్రోగ్రాములు హద్దుగా పెట్టినారు. మైక్రోగ్రాము అంటే గ్రాములో పది లక్షల వంతు. బాగా పాడైన ఒక్క గింజ కలిస్తే చాలు, కిలో మంచి గింజలు ఆ హద్దు దాటగలవు. ఆ ఒక్క గింజను తీసి పారవేస్తే తక్కినది దాదాపు శుభ్రమే. అందుకనే ఏరడము మీద ఇంతగా పట్టుబడుతున్నాను.

మూడుసార్లు ఏరవలెను. మొదటిసారి కాయగా ఉన్నప్పుడు. పగిలినవి, చిల్లి పడినవి, నల్ల మచ్చలు గలవి, ఊపితే మోగని బరువు కాయలు తీసివేయండి. రెండవసారి వలిచిన తరువాత. ముడుచుకున్నవి, మొలకెత్తినవి, పొట్టు మీద పసుపుపచ్చ, ఆకుపచ్చ బూజు ఉన్నవి, ముక్కవాసన కొట్టేవి తీసివేయండి. మూడవసారి వేయించి పొట్టు ఊదిన తరువాత. ఇది చాలామంది చేయరు. పొట్టు పోయిన మీదట మంచి బద్ద లేత బంగారు రంగులో తేలుతుంది, పాడైన బద్ద మాత్రము గోధుమరంగులోనో, బూడిదరంగులోనో వేరుగా కనబడుతుంది. తెల్లని గుడ్డ మీద పరచి పగటి వెలుతురులో చూడండి. చిన్న పిల్లలు సైతము గుర్తు పట్టగలరు. అనుమానము వచ్చిన బద్దను నోట వేసుకొని చూడవద్దు, పారవేయండి.

అయితే ఏరుడు తగ్గవలెనంటే చేలోనే జాగ్రత్త పడవలెను. కోతకు ముందు చేను బెట్టకు వస్తే బూజు కాయలోకి చొరబడుతుంది. నీటి వసతి ఉన్నవారు చివరి తడి ఎగవేయకండి. కాయ డొల్ల లోపలి వైపు నల్లబడినదా లేదా చూచి పీకండి. పీకిన మొక్కలను కాయలు పైకి వచ్చేటట్లు తలకిందులుగా పరచి ఆరనివ్వండి. గింజలో తేమ నూటికి ఏడు, ఎనిమిది పాళ్లకు దిగవలెను. యంత్రము లేని చోట గుర్తు ఏమంటే, కాయ ఊపితే గలగలలాడవలెను, గింజను వేళ్ల మధ్య నలిపితే పొట్టు ఊడవలెను. ఇక ఒక చెడ్డ అలవాటున్నది. వలిచేటప్పుడు గింజ విరగకుండా ఉండుటకు కాయ మీద నీళ్లు చల్లుతారు. బాగా ఆరిన కాయను మళ్లీ తడిపి బూజును పిలిచినట్లు అవుతుంది. నాలుగు గింజలు విరిగితే విరగనివ్వండి. విరిగిన గింజ మిఠాయికి అడ్డు కాదుగదా.

ఇక చేసే విధానము. ఏరిన పల్లి గింజలు అరకిలో, పొడి బెల్లము పావుకిలో, కోకో పొడి 40 గ్రాములు, చిటికెడు ఉప్పు, రెండు చెంచాల నెయ్యి. కిలో కాయ వలిస్తే సుమారు 650 నుంచి 700 గ్రాముల గింజ వస్తుంది. మూడు ఏరుళ్లలో పోయేది పోగా అరకిలోకు కొరత ఉండదు.

గింజలను సన్న సెగ మీద, వీలైతే మంగలములో, కలుపుతూ వేయించండి. పెద్ద మంట పెడితే పైన మాడి లోపల పచ్చిగా ఉంటుంది. చిటపట శబ్దము తగ్గి, ఒక గింజ విరిస్తే లోపల లేత గోధుమరంగు కనబడితే దించండి. చల్లారినాక నలిపి, చాటలో చెరిగి, నేను చెప్పిన మూడవ ఏరుడు కానివ్వండి. తరువాత మిక్సీలో వేసి అర నిమిషము తిప్పి ఆపండి, అంచులు గీకి మళ్లీ తిప్పండి. మొదట పొడి అవుతుంది, పిమ్మట ఉండలు కడుతుంది, ఆ మీదట తన నూనె తానే విడిచి మెత్తని ముద్ద అవుతుంది. ఉండ కట్టినప్పుడే కుదరలేదనుకొని నీళ్లు పోసేవారున్నారు. చుక్క నీరు కూడా తగలనీయవద్దు, తగిలితే రెండవ నాటికే పాడవుతుంది. మిక్సీ లేనివారు రోటిలో నూరవచ్చును, చేతులకు శ్రమగాని రుచి ఒక పాలు ఎక్కువే.

ఆ ముద్దలో ఉప్పు, జల్లించిన బెల్లపు పొడి, కోకో పొడి వేసి నేతి చేతితో పిసకండి. గట్టిపడి చపాతి పిండి వలె వస్తుంది. ఉసిరికాయంత ఉండలు చేసుకుంటే నలభై దాకా అవుతవి. లేదా నెయ్యి రాసిన పళ్లెములో అదిమి, గంటసేపు ఆగి, బిళ్లలు కోసుకోండి.

దుకాణపు మిఠాయి వలె పైన చాక్లెట్టు తొడగాలని పిల్లలు గోల చేస్తారు. చలికాలములో చేయవచ్చును. చాక్లెట్టు గడ్డను గిన్నెలో వేసి, ఆ గిన్నెను వేడినీళ్ల గంజు మీద ఉంచి కరిగించి, ఉండలను ముంచి తీయడమే. కాని చాక్లెట్టులోని కోకో వెన్న 34 డిగ్రీల దగ్గర కరుగుతుంది. మన మే నెల ఎండ 42, 43 దాటుతుంది. తొడుగు తొడిగేది మనము, విప్పేది ఎండ. అందుచేత కోకోను లోపలనే కలపమంటున్నాను. కోకో ఎక్కడిదో దూరదేశపు వస్తువని అనుకోకండి. పక్కన ఆంధ్రప్రదేశ్‌లో ఏలూరు, పశ్చిమ గోదావరి వైపు కొబ్బరి, ఆయిల్‌పామ్ తోటల మధ్య రైతులే పండిస్తున్నారు. 2024లో ప్రపంచ బజారులో టన్ను పదివేల డాలర్లు దాటినప్పుడు కోకో పొడి ధర మనకూ తగిలింది. పొడి దొరకకుంటే మానండి, పల్లి, బెల్లము రెంటితోనే మిఠాయి మిఠాయే.

బెల్లము గురించి ఒక మాట. మరీ పసుపుపచ్చగా మెరిసేదానికి ఆశపడవద్దు, రంగు తేలడానికి మందు కలిపేవారున్నారు. గోధుమరంగుది, గట్టిగా పొడి అయ్యేది తీసుకోండి. మన జిల్లాల ఇండ్లలో మేడారము జాతర బెల్లము కూడా ఉంటుంది. అమ్మవార్లకు నిలువెత్తు తూకము వేసి ఇచ్చే ఆ బెల్లాన్ని బంగారము అంటాము. జాతర ధూళి, నలుగురి చేతుల తడి తగిలిన బెల్లాన్ని పచ్చిగా కలపకుండా, కరిగించి గుడ్డలో వడగట్టి పాకము పట్టండి. పాకము బొట్టు చల్లని నీళ్లలో వేసి తీస్తే టక్కున విరగవలెను, సాగితే ఇంకా కాలేదన్నమాట. పొయ్యి ఆర్పిన తరువాతనే కోకో వేయండి, ముందు వేస్తే మాడి చేదెక్కుతుంది. వెంటనే బద్దలు వేసి కలిపి పళ్లెములో పరిస్తే కోకో పల్లిపట్టి అవుతుంది.

పల్లి గింజలో నాలుగవ వంతు మాంసకృత్తులు, సగము దాకా నూనె ఉన్నవి. ఒక్క ఉండలో మూడు గ్రాముల మాంసకృత్తులు వస్తవి. బడికి పోయే పిల్లకు రోజుకు ఒకటి, రెండు చాలు. బెల్లము కదా అని షుగరు జబ్బు ఉన్నవారు చేయి చాపవద్దు, అదీ చక్కెరే. మూడు, నాలుగు ఏండ్ల లోపు పిల్లలకు గింజ, బద్ద గొంతుకు అడ్డుపడవచ్చును గనుక పట్టి ఇవ్వకండి. కొందరికి పల్లి అసలే పడదు, దద్దుర్లు, ఆయాసము వస్తవి. మహిళా సంఘాల వారు అమ్మదలిస్తే ఆహార భద్రతా అధికారి వద్ద పేరు నమోదు చేసుకొని, పొట్లము మీద పల్లి ఉన్నదని తప్పక వ్రాయండి.

ఏరి తీసినది ఏమి చేయాలి? గొడ్డుకు వేద్దామంటారు. వేయవద్దు. పాడి పశువు తింటే ఆ విషము రూపు మార్చుకొని పాలలో దిగుతుంది, ఆ పాలు మళ్లీ మన పిల్లలకే. కోళ్లకూ వేయవద్దు. గానుగకూ పంపవద్దు, వడపోత సరిగా లేని నూనెలో విషము మిగులుతుంది. ఇంటికి దూరముగా గుంట తీసి పూడ్చండి. చేటెడు గింజలు పూడ్చాలంటే అవ్వకే కాదు, ఎవరికైనా ప్రాణము ఉసూరుమంటుంది. తరువాతి పంటకు ఆ చేటెడు గుప్పెడు అయ్యేటట్లు కోత, ఆరుడు సరిచూచుకోవడమే మన చేతిలో ఉన్నది.

చేసిన మిఠాయి మూత గట్టి డబ్బాలో మూడు వారాలు నిలుస్తుంది. ఎండాకాలములో రెండు వారాలలో తినివేయండి, పల్లి నూనె త్వరగా ముక్కవాసన పడుతుంది. గింజలు ఒకేసారి వలిచి డబ్బాలకు ఎత్తుకోవద్దు. కాయ కాయగానే గోనెలో, నేలకు తగలకుండా చెక్కల మీద పెట్టి, మిఠాయి చేసే నాడు ఆ నాటికి సరిపడా కిలో కాయ మాత్రము తీసి వలుచుకోండి. ఈ ఏడు ఆ కిలో కాయను మార్కెట్టు గోనె కట్టక ముందే అందులో నుంచి తీసి పక్కకు పెట్టండి.