కొండముచ్చుకు బిస్కెట్లు వద్దు

మన అడవుల్లో కొండముచ్చుల గుంపును ఎప్పుడైనా నిదానంగా గమనించారా? పిల్ల నల్లగా పుడుతుంది, కొన్ని నెలలకు బూడిదరంగుకు తిరుగుతుంది. దాన్ని తల్లే కాదు, గుంపులోని మిగతా ఆడవి కూడా ఎత్తుకుంటాయి. వాటి పొట్ట గదులు గదులుగా ఉంటుంది. అందులోని సూక్ష్మజీవులు ఆకును పులియబెట్టి అరిగేలా చేస్తాయి. పైనుంచి ఇవి రాల్చిన ఆకులూ కాయలూ కింద దుప్పులకు మేత. చిరుతను చూసి కొండముచ్చు అరిస్తే దుప్పులూ జాగ్రత్తపడతాయి.

సెలవులకు ఊరెళ్తూ బస్సు కిటికీలోంచి బిస్కెట్లు విసరకండి. వాటికోసం చెట్టు దిగిన గుంపు బండ్ల కింద పడుతుంది. మర్రి, మేడి, జువ్వి చెట్లను నరకకుండా కాపాడండి. తమ తిండి అవే చూసుకుంటాయి.