చంటిపిల్లల ఇంటికి నలుగురి తోడు
(వార్షిక సభలో మహిళా, శిశు సంక్షేమ విభాగం తరఫున చదివిన ప్రసంగ పాఠం)



మా విభాగానికి పదిహేను నిమిషాలు ఇచ్చారు. పిల్లలు అంతసేపు కూర్చోరని మాకు తెలుసు. వాళ్లు లేచి పరుగులు పెట్టినా మేము చదవడం ఆపము, మీరు వాళ్లను ఆపవద్దు.

మన సంఘంలో ఎక్కువ కుటుంబాలు గుంటూరు, నెల్లూరు, ఖమ్మం, నల్గొండ వైపు నుంచి ఉద్యోగాలకో వ్యాపారాలకో హైదరాబాదు వచ్చి స్థిరపడినవి. ఊళ్లో బిడ్డ పుడితే దాదీ ఒకరు, నానీ ఒకరు, పక్కింటి ఖాలా ఒకరు, నలుగురి చేతులు మారితేగాని బిడ్డ తల్లి ఒడికి వచ్చేది కాదు. ఇక్కడ మూడో అంతస్తులో రెండు గదుల వాటా. ఆయన తొమ్మిదింటికి డ్యూటీకి పోతే రాత్రి ఎనిమిదికి వస్తారు. అంతసేపూ తల్లి, బిడ్డ, ఇద్దరి మధ్య సెల్‌ఫోను. అన్నం తినాలన్నా ఫోనే, ఏడుపు మానాలన్నా ఫోనే. తప్పు తల్లిదేనని అనడం చాలా సులభం. వంట, బట్టలు, బిడ్డ అన్నీ రెండు చేతులతో నెట్టుకువచ్చే మనిషికి మూడో చెయ్యి ఎవరిస్తున్నారు? ప్రపంచ ఆరోగ్య సంస్థ 2019లో ఇచ్చిన సలహా ప్రకారం రెండేళ్లలోపు పిల్లలకు తెర చూపనేకూడదు, రెండు నుంచి నాలుగేళ్ల వాళ్లకు రోజుకు గంట దాటకూడదు. ఏడాది దాటిన పిల్లలు రోజు మొత్తం మీద మూడు గంటలైనా కదలాలి, ఆడాలి. ఫోను లాక్కొని "ఆడుకో" అంటే బిడ్డ ఎవరితో ఆడాలి, ఎక్కడ ఆడాలి? ఆ సంగతి మాట్లాడటానికే ఇవాళ మీ ముందుకు వచ్చాము.

నగరంలో పసిపిల్లల కోసం ఉచితంగా దొరికేవి మనం అనుకొనేదానికంటే ఎక్కువే ఉన్నవి. అన్నిటికంటే దగ్గరిది అంగన్‌వాడీ. 1975 అక్టోబరు 2న మొదలైన సమగ్ర శిశు అభివృద్ధి పథకం కింద నడిచే కేంద్రం అది. ఆరేళ్లలోపు బిడ్డలందరికీ ఉద్దేశించినది. మన ఇండ్లలో మాత్రం "అది పేదవాళ్లకు కదా, మనం పోతే ఏం బాగుంటుంది" అనే మాట వినబడుతున్నది. బాలామృతం పొట్లం అక్కరలేకపోతే తీసుకోకండి, ఎవరూ బలవంతం చేయరు. బిడ్డను తూకం వేయించి ఎదుగుదల పట్టికలో గుర్తు పెట్టించుకోవడానికైనా పోవలసిందే. మూడేళ్లు నిండిన పిల్లలకు తోటివారితో కూర్చొని ఆటపాటలు నేర్చే చోటు కూడా అదే. ఇంకొక కారణం కూడా ఉన్నది, దానికి తరువాత వస్తాము.

టీకాల సంగతి మన తల్లులకు బాగానే తెలుసు కనుక ఎక్కువ చెప్పము. బస్తీ దవాఖానాల్లో, పట్టణ ఆరోగ్య కేంద్రాల్లో అడిగితే రోజు, వేళ చెబుతారు. మామూలుగా బుధ, శనివారాలు. మనవాళ్లు తొమ్మిది నెలల టీకా దాకా శ్రద్ధగా పోతారు, ఆ తరువాత మరిచిపోతారు. ఏడాదిన్నర ప్రాంతంలో వేయించవలసినవి, అయిదేళ్లు నిండాక వేయించవలసినది ఉన్నవి. కార్డు బీరువాలో దాచకండి, వంటింటి తలుపుకు అంటించండి.

ఇక కాగితాల విషయం. ఇది మగవారు వినాలి. 1969 నాటి చట్టం ప్రకారం బిడ్డ పుట్టిన 21 రోజులలోపు జననం నమోదు కావాలి. ఆసుపత్రిలో పుడితే ఆసుపత్రివారే పంపుతారు. అయితే అప్పటికి మనం పేరు పెట్టి ఉండము. అందువల్ల పత్రంలో పేరు గడి ఖాళీగా వస్తుంది, లేదా తల్లి పేరుతో "బేబీ ఆఫ్" అని వస్తుంది. అఖీఖా చేస్తాం, పేరు పెడతాం, బంధువులకు బిర్యానీ పెడతాం, పేరు మాత్రం ఆ గడిలోకి ఎక్కదు. ఏడాదిలోపు రుసుము లేకుండా పేరు చేర్పించుకోవచ్చు. ఆ తరువాత పదిహేనేళ్ల దాకా ఆలస్య రుసుముతో వీలున్నది గాని, తిరగవలసిన తిరుగుడు వేరు. 2023 అక్టోబరు 1 నుంచి చట్టం మారింది. ఆ రోజున, ఆ తరువాత పుట్టిన పిల్లలకు బడిలో చేరడానికి, పాస్‌పోర్టుకు, ఓటరు జాబితాకు పుట్టిన తేదీ రుజువు జనన పత్రమే. ఇంకో కాగితం చూపి సర్దుకొనే రోజులు వాళ్లకు లేవు.

మన పేర్లతో ఉన్న చిక్కు మీకు తెలియనిది కాదు. తండ్రి ఆధార్‌లో "మహమ్మద్" పూర్తిగా ఉంటుంది, పదో తరగతి సర్టిఫికెట్‌లో "ఎండీ" అని ఉంటుంది, తల్లి కార్డులో భర్త పేరు "మొహమ్మద్" అయి ఉంటుంది. "షేక్" ఒకచోట ముందు, ఇంకోచోట వెనుక. ఇవన్నీ ఒకే మనిషివేనని రేపు బిడ్డ రుజువు చేసుకోవాలి. మేము చెప్పేది చిన్న పని. పేరు నిశ్చయమైన రోజున ఒక తెల్లకాగితం తీసుకొని, బిడ్డ పేరు, తండ్రి పేరు, తల్లి పేరు ఇంగ్లీషు అక్షరాల్లో ఎలా రాయాలో ఒక్కసారి రాసిపెట్టుకోండి. జనన పత్రానికి, చిన్నపిల్లల ఆధార్‌కు, బడికి ఆ కాగితమే చూపండి. అయిదేళ్లలోపు ఆధార్‌కు వేలిముద్రలు తీసుకోరు. అయిదు నిండాక తీసుకుంటారు, పదిహేను నిండాక మళ్లీ తీసుకుంటారు. ఈ పనులు తండ్రులు ఒక రోజు సెలవు పెట్టి చేయవలసినవి. చంకలో బిడ్డతో ఆమెను క్యూలో నిలబెట్టవద్దు.

ఇప్పుడు కొంచెం కష్టమైన మాట. మన ఇండ్లలో ఆలస్యంగా మాట్లాడే పిల్లలు ఉన్నారు. అడిగితే "వాళ్ల దాదా కూడా నాలుగేళ్లకే మాట్లాడారట" అని నవ్వేస్తారు. నిజమే కావచ్చు. కాని రెండేళ్లు నిండినా రెండు మాటలు కలిపి అనని బిడ్డను, పేరు పెట్టి పిలిస్తే తిరిగి చూడని బిడ్డను, వచ్చిన మాటలు మరిచిపోతున్న బిడ్డను డాక్టరుకు చూపాలి. మొదట చెవులు పరీక్ష చేయించాలి. వినబడని బిడ్డకు మాట ఎలా వస్తుంది? లోపం ఎంత తొందరగా తెలిస్తే, చికిత్సకు, మాట నేర్పడానికి అంత వీలు. "తెలుగూ ఉర్దూ రెండూ మాట్లాడటం వల్లనే బిడ్డకు మాటలు రాలేదు, ఒకటి మానేయండి" అని సలహా ఇచ్చేవారు ఉన్నారు. రెండు భాషలు వినడం వల్ల మాట ఆలస్యమైపోదని ఈ విషయం చదివినవారు స్పష్టంగా చెబుతున్నారు. నానీతో ఉర్దూ, పక్కింటివాళ్లతో తెలుగు, అలాగే సాగనివ్వండి.

2013 నుంచి రాష్ట్రీయ బాల స్వాస్థ్య కార్యక్రమం అని ఒకటి నడుస్తున్నది. పుట్టినప్పటి నుంచి పద్దెనిమిదేళ్ల దాకా పుట్టుక లోపాలు, ఎదుగుదల లోపాలు కనిపెట్టి, ఉచితంగా పెద్ద ఆసుపత్రికి పంపించే ఏర్పాటు. ఆ డాక్టర్ల బృందం అంగన్‌వాడీలకు ఏడాదికి రెండుసార్లు రావాలని నియమం. అంగన్‌వాడీలో పేరు లేని బిడ్డ వాళ్ల కంట పడేదెలా? ఇందాక ఇంకొక కారణం ఉందన్నది ఇదే.

మన నగరంలో పసిపిల్లల వైద్యం అనగానే గుర్తుకు వచ్చేది నీలోఫర్ దవాఖానా. 1953లో మొదలయింది. ఆసఫ్‌జాహీ వంశపు కోడలు నీలోఫర్ బేగం దగ్గర పనిచేసే అమ్మాయి కాన్పులో చనిపోతే, ఇంకొకరికి ఈ గతి పట్టకూడదని ఆమె పట్టుబట్టడం వల్ల ఆ దవాఖానా వచ్చిందని చెబుతారు. తనకు సంతానం లేని ఆమె పేరు ఎన్ని ఇండ్లలో పిల్లల పుట్టుకతో కలిసిపోయిందో చూడండి.

ఇంట్లో మానుకోవలసినవి రెండు. పెద్దలు కోపగించుకోకూడదు. మొదటిది తేనె. పుట్టిన బిడ్డ నాలుకకు రాయడం ప్రేమతోనే చేస్తారు. అయితే తేనెలో ఉండగల ఒక రకం సూక్ష్మజీవి ఏడాదిలోపు బిడ్డ పేగుల్లో పెరిగి, కండరాలను చచ్చుబడవేసే విషం తయారు చేయగలదు. ఏడాది నిండనివ్వండి. ఆరు నెలల దాకా తల్లిపాలు తప్ప నీళ్లు కూడా వద్దని డాక్టర్లు చెబుతారు. రెండోది సుర్మా. సుర్మా రాయి చాలావరకు సీసపు ఖనిజం. కంటి నుంచి చేతికి, చేతి నుంచి నోటికి పోతుంది. సీసం చేరితే చిన్నపిల్లల మెదడుకు హాని. నజర్ తగలకుండా కంటికి కాక అరికాలికి చుక్క పెడతామంటారా, పిల్లలు కాలి బొటనవేలు కూడా నోట్లో పెట్టుకొనేవాళ్లే!

విరేచనాలు పట్టుకుంటే ఓఆర్ఎస్ పొట్లం ఆరోగ్య కేంద్రంలో అడగండి. అర్ధరాత్రి పొట్లం దొరక్కపోతే, కాచి చల్లార్చిన లీటరు నీళ్లలో గీటు చెంచాతో ఆరు చెంచాల చక్కెర, అర చెంచా ఉప్పు. ఉప్పు ఎక్కువైతే ప్రమాదం కనుక అంచనాగా వేయవద్దు. తల్లిపాలు ఆపవద్దు. బిడ్డ మగతగా ఉన్నా, మూత్రం రాకపోయినా ఇంట్లో చూస్తూ కూర్చోకుండా 108కి ఫోను చేయండి.

ఆటకు ఖర్చు అక్కరలేదు. రొట్టెల పిండి ముద్ద ఇవ్వండి, స్టీలు గిన్నెలు ఇవ్వండి, ఉతికిన బట్టల్లో అబ్బా మేజోళ్లు ఏవో, తనవి ఏవో ఏరమనండి. సెనగలు, పల్లీలు మాత్రం మీ కళ్లెదుట కూడా వద్దు, గొంతులో పడతాయి.

నెలకు ఒక ఆదివారం తండ్రి పిల్లలను బయటికి తీసుకుపోవాలి, తల్లి ఇంట్లో నిద్రపోవాలి. ఈ మాట చెప్పగానే వెనుక వరుసల్లో నవ్వులు వినబడుతున్నవి, సంతోషం. 1963 నుంచి ఉన్న నెహ్రూ జూ పార్కు మనకు మీరాలం చెరువు పక్కనే. సోమవారం సెలవు. పొద్దున్నే పోయి, ఏనుగులు చూస్తే ఏనుగులే చూసి, ఎండెక్కకముందే తిరిగి రండి. పార్కంతా చూపించి తీరాలనుకుంటే బిడ్డ భుజం మీద నిద్రపోతుంది, మీరు మోస్తారు. సాలార్‌జంగ్ మ్యూజియానికి శుక్రవారం సెలవు. అక్కడ గంటల గడియారం ఒక్కటి చాలు. గంట కొట్టే వేళకు లోపలి నుంచి బొమ్మ మనిషి వచ్చి గంట కొట్టి పోతాడు. పన్నెండింటికి పోతే పన్నెండుసార్లు. పావుగంట ముందే పోయి బెంచీ మీద చోటు పట్టుకోండి. టిక్కెట్టు కూడా వద్దనుకుంటే బాగే ఆమ్‌లో చెట్లకింద దుప్పటి పరచండి.

నాలుగేళ్ల నాలుగు నెలల నాలుగో రోజున బిస్మిల్లా చేయించే ఆచారం మన ఇండ్లలో ఉన్నది. వెండి పలక, కొత్త బట్టలు, విందు. ఆ ఖర్చులో పదో వంతు పెట్టి నేషనల్ బుక్ ట్రస్ట్ బొమ్మల పుస్తకాలు కొంటే ఆ బిడ్డకు రెండేళ్ల చదువు. ప్రథమ్ బుక్స్ వారు 2015లో మొదలుపెట్టిన స్టోరీవీవర్‌లో తెలుగు కథలు, ఉర్దూ కథలు రెండూ ఉచితంగా దొరుకుతాయి, అచ్చు వేసుకోవడానికి కూడా అనుమతి ఉన్నది. ఫోను మంచికి పనికివచ్చే చోటు ఇది.

ఇవన్నీ విన్నాక మీరు అడగబోయేది మాకు తెలుసు. ఇన్ని ఉన్నవి సరే, ఒక్కతే ఎలా పోతుంది? అందుకే మా విభాగం ఒక ఏర్పాటు అనుకున్నది. ఒకే గల్లీలో లేదా దగ్గరి గల్లీల్లో ఉన్న నాలుగిండ్ల చంటిపిల్లల తల్లులను ఒక జట్టుగా కలుపుతాము. టీకాకు నలుగురూ కలిసి పోతారు. ఒకరికి జ్వరం వస్తే ఇంకొకరు ఆ బిడ్డను రెండు గంటలు చూస్తారు. పెద్ద వయసు వచ్చిన, పిల్లలను పెంచిన ఒక ఖాలా ప్రతి జట్టుకూ ఉంటారు. ఇందుకు ఇప్పటికే ముగ్గురు ఒప్పుకున్నారు, ఇంకా కావాలి.

కార్యవర్గంవారిని మేము అడిగేది మూడు వస్తువులు: ఆదివారం ఉదయం పది నుంచి పన్నెండు దాకా ఆఫీసు ముందుగది, ఒక తూకం యంత్రం, తాళం ఉన్న ఒక పుస్తకాల బీరువా. ఈ సావనీరు ప్రకటనల డబ్బులో వీటికి వీలవుతుందని కోశాధికారిగారిని ముందే అడిగాము. "చూద్దాం" అన్నారు. సభ ఎదుట అడిగితే "చూద్దాం" కంటే మంచి మాట వస్తుందని ఆశ.

వెనుక బల్ల దగ్గర మా విభాగంవారు కూర్చుంటారు. గల్లీ పేరు, పిల్లల వయసు రాయించండి. జనన పత్రంలో పేరు గడి ఖాళీగా ఉన్నవారు ఆ మాట కూడా చెప్పండి. ఏడాది నిండటానికి దగ్గరగా ఉన్న బిడ్డల దరఖాస్తులు ఇవాళే నింపి ఇస్తాము. భోజనాలు ఒంటిగంటకు, బల్ల దగ్గర పని అంతకుముందే మొదలవుతుంది. ఖుదా హాఫిజ్.