అద్దె కంప్యూటర్‌కు కొలబద్ద

బియ్యం కొనేటప్పుడు నాలుగు గింజలు నోట్లో వేసుకుని చూస్తాం. మరి క్లౌడ్‌లో కంప్యూటర్ అద్దెకు తీసుకునేటప్పుడు? దాని సత్తా కొలిచే సాధనం పర్ఫ్‌కిట్ బెంచ్‌మార్కర్. గూగుల్ 2015లో దీన్ని ఓపెన్ సోర్స్‌గా విడుదల చేసింది. అమెజాన్, మైక్రోసాఫ్ట్ క్లౌడ్‌లపైనా పనిచేస్తుంది.

లినక్స్‌లో దీన్ని పెట్టుకోవాలంటే ముందు పైథాన్ 3, గిట్ ఉన్నాయో లేదో చూసుకోండి. విడిగా ఒక వర్చువల్ ఎన్విరాన్‌మెంట్ తయారు చేసుకుంటే మిగతా ప్రోగ్రాములకు ఇబ్బంది రాదు. గిట్‌తో కోడ్ దించుకుని, రిక్వైర్‌మెంట్స్ ఫైల్లోని లైబ్రరీలను పిప్‌తో ఇన్‌స్టాల్ చేయండి. మీ క్లౌడ్ కంపెనీ ఇచ్చే కమాండ్ లైన్ సాధనం పెట్టుకుని లాగిన్ అవ్వండి.

ఇక ఏ క్లౌడ్, ఏ రకం మెషిన్, ఏ పరీక్ష అన్నది చెబితే చాలు. నెట్‌వర్క్ వేగానికి ఐపెర్ఫ్, డిస్క్ వేగానికి ఎఫ్ఐఓ. ఐపెర్ఫ్ అడిగితే పర్ఫ్‌కిట్ తనే రెండు మెషిన్లు తెరిచి, వాటి మధ్య డేటా పంపి, సెకనుకు ఎన్ని మెగాబిట్లు వెళ్లాయో రాసిపెట్టి, మెషిన్లను తీసేస్తుంది.

పరీక్ష మధ్యలో ఆగిపోతే మాత్రం మెషిన్లు మిగిలిపోయి బిల్లు పెరగవచ్చు. క్లౌడ్ ఖాతాలోకి వెళ్లి తప్పక చూడండి. ఒక్కసారి కొలిచి తేల్చేయకండి. వేళలు మార్చి మూడు నాలుగుసార్లు కొలవండి. కొలిచి తీసుకున్న నిర్ణయమే నిలుస్తుంది.