శోకమునకు నీడ కావలెను
(పలాస సభలో చేసిన ప్రసంగ పాఠము)



1940 మార్చిలో ఈ పలాసయందే అఖిల భారత కిసాన్ మహాసభ జరిగెను. ఆపై ఏప్రిల్ 1వ తేదీననే మందస జమీందారీలోని గుడారి రాజమణిపురమున పోలీసు తుపాకులు ప్రేలెను. అడవి కలపపై తమకు హక్కు గలదన్న రైతులను పట్టుకొన వచ్చిన పోలీసులకు అడ్డు నిలిచి, గర్భవతియగు సాసుమాన గున్నమ్మ నేలకొరిగెను. ఆమెతోబాటు మరికొందరును ప్రాణములు గోలుపోయిరి. 1948 నాటి చట్టముతో జమీందారీలు అంతరించెను. ఆ యిండ్లలోని దుఃఖము మాత్రము చట్టముతో అంతరించునది కాదు.

అమరులకు స్తూపములు నిలుపుట మన ఆచారము. మంచిదే. కాని ఏటికొక దినమున దండలు వేసి, ఉపన్యసించి మరలిపోవుటకేనా స్తూపము? తక్కిన దినములలో ఆ కుటుంబమువారెవరైన ఒంటరిగా వచ్చినచో, కన్నీరు తుడుచుకొని కాసేపు కూర్చుండుటకు తావుండవలదా?

జలియన్‌వాలాబాగును చూడుడు. 1919 ఏప్రిల్ 13న డయ్యరు సైనికులు ప్రవేశించిన యిరుకు సందు, గోడలపైని గుండుదెబ్బలు, ఇవియే అచట చూపరుల గుండెను పట్టి నిలిపినవి. 2021లో ఆ సందు గోడలకు శిల్పములు తాపిరి. ధ్వనికాంతుల ప్రదర్శనము నేర్పరచిరి. చరిత్రకారులు పలువురు నొచ్చుకొనిరి. వారి బాధ న్యాయమైనది. మృతుల యెదుట మనము మౌనము వహింపవలెను గాని వినోదము చూపరాదు.

మన జిల్లాలోనే, వంశధారాతీరమున, శాలిహుండము కొండపై బౌద్ధస్తూపములు గలవు. స్తూపమునకు మెల్లగా ప్రదక్షిణము చేయుటయే బౌద్ధుల యారాధన. అడుగు నెమ్మదించిన కొలది మనస్సును నెమ్మదించును. ఈ మర్మము మన పూర్వులెరుగుదురు.

కావున ఉద్దానమున స్మారకమును నిర్మించువారికి నా విన్నపము. 2018 అక్టోబరులో తిత్లీ తుపాను కూల్చిన కొబ్బరి, జీడి తోటలను చూచినవారము. మనకు ఎత్తుల గర్వమేల? నేలకు హత్తుకొనియుండు రాతి అరుగు చాలును. చుట్టును నడచుటకు బాట, కూర్చుండుటకు చెట్టునీడ, త్రాగుటకు మంచినీరు ఉండవలెను. మృతులందరి పేర్లును ఒకే పరిమాణపు అక్షరములలో చెక్కవలెను. ఆవిష్కరించిన పెద్దమనుష్యుని పేరు అందు లేకున్నను లోటు లేదు.

వీరులను పొగడుటకు జాతికి వేదికలు చాల గలవు. వారికై యేడ్చుటకు ఒక్క చోటైన మనము మిగుల్చుకొందము.