దీర్ఘోదరవ్యాధియందు కండబలమును కాపాడుకొనుట

ముప్పదియైదేండ్లు బాలురచే సంస్కృతశబ్దములు వల్లింపఁజేసిన నేను వైద్యవిషయమున పెదవి విప్పుట సాహసమే. కాని ఈ ప్రసంగమునకు ప్రమాణము నా దేహమే గనుక మన్నింపఁగోరెదను.

ఆఱేండ్ల క్రిందట నాకు పెద్దప్రేవున పుండ్లుపడు దీర్ఘవ్యాధి ప్రాప్తించెను. వైద్యులు దానిని అల్సరేటివ్ కొలైటిస్ అందురు. చూడవచ్చిన బంధువు లెల్లరు ఒక్కొక్క పదార్థమును నిషేధించి పోయిరి. పప్పు వాతమనిరి, పాలు పడవనిరి, పెఱుగు కఫమనిరి. నిషేధించుటకు వైద్యవిద్య అక్కఱలేదు గదా! కడకు నా విస్తరిలో జావయు చారన్నమును మిగిలెను. ఏఁడాది తిరుగునప్పటికి చాపపైఁ గూర్చున్నవాఁడను ఊఁత లేక లేవఁజాలనైతిని. ఐదేండ్ల మనుమరాలు చేయి యందిచ్చెడిది. ఆ పసిచేతిని పట్టుకొని లేచునపుడు కలిగిన సిగ్గు కడుపునొప్పికంటె పెద్దది.

వ్యాధిని నిందించితిని. నిజమునకు సగము దోషము పథ్యమునదే. ప్రేవున శోథ రగులునపుడు ఆఁకలి చచ్చును, తిన్నది ఒంటఁబట్టదు, శరీరము తన కండనే కరగించి వాడుకొనును. స్టీరాయిడ్ మందులు దీర్ఘకాలము వాడినను కండ తగ్గును. అట్లని వైద్యునడుగక వానిని మానుట మఱింత ప్రమాదము. లంఘనము పరమౌషధమను మాట మూఁడునాళ్ల జ్వరమునకు చెల్లునేమో గాని, ఏండ్లకొలఁది నిలుచు వ్యాధికి చెల్లదు.

ఐరోపా పోషణవైద్యసంఘమువారు 2023లో ప్రకటించిన సూత్రముల ననుసరించి, ఈ వ్యాధి ప్రకోపించినపుడు దేహభారము కిలో యొకటికి దినమునకు 1.2 మొదలు 1.5 గ్రాముల మాంసకృత్తులు కావలెను. శాంతించినపుడు సుమారు 1 గ్రాము చాలును. 50 కిలోల నాకు ప్రకోపకాలమున 60 మొదలు 75 గ్రాములన్నమాట. నాఁటి నా తిండిలో ఇందు సగమైనను లేదు. కోడిగ్రుడ్డొకటి సుమారు 6 గ్రాముల నిచ్చును. 30 గ్రాముల పెసరపప్పు 7 గ్రాములు. పెద్ద గిన్నెడు పెఱుగు ఇంచుమించు గ్రుడ్డుతో సమానము. పొట్టు తీసిన పప్పును మెత్తగా నుడికించి, దినమునకు ఆఱు మాఱులు కొంచెము కొంచెముగాఁ దినుట నాకు సరిపడినది. ప్రేవు ఇఱుకైనవారును, మూత్రపిండముల రోగము గలవారును వైద్యునడిగి కాని ఈ మార్పు చేయరాదు.

తిండి యొక్కటే చాలదు; పనిపెట్టని కండ నిలువదు. నడక మంచిదే గాని బరువునకు ఎదురొడ్డు వ్యాయామమును కావలెను. గోడను రెండు చేతుల నెట్టుట, నీటిసీసాల నెత్తుట, కుర్చీనుండి చేతులూనక లేచుట, ఇవి వారమునకు రెండుమూఁడు దినములు చేసితిని. సుశ్రుతుఁడు బలములో సగమువఱకే వ్యాయామము విధించెను. రోగికి అంతకంటె తగిన కొలత నేనెఱుఁగను. వ్యాధి ప్రకోపించిన దినములలో విశ్రమించితిని. కుర్చీనుండి ఐదు మాఱులు లేచుటకు 15 సెకండ్లు మించినచో కండబలము తగ్గినదని అనుమానింపవలెనని ఐరోపా నిపుణులు 2019లో నిర్ణయించిరి. నాకు మొదట 23 పట్టెను. ఎనిమిది మాసములకు 14 అయ్యెను. మనుమరాలు ఇప్పుడును చేయి చాఁచును, అలవాటుచేత.

మన సంఘభోజనశాలాధికారులకు ఒక్క విన్నపము: నేఁటి పంక్తిలో పప్పు పలుచఁబఱపక వడ్డింపుఁడు. ఇట్టి వ్యాధి గల సోదరులెవరైన నున్నచో భోజనానంతరము నన్నుఁ గలిసికొనవచ్చును. ఎనిమిది మాసముల నా లెక్కలపుస్తకమును వెంటఁ దెచ్చితిని.